వెల తెలియనివారి యొద్ద కొనుట

చదువవలసిన భాగములు: సామెతలు 20:14, లేవీయకాండము 25:14-16, మత్తయి 13:44.



అబద్ధమాడకుండ మోసము చేయవచ్చునా? ఈ ప్రశ్న మా యొద్దకు ఒక ఇత్తడి డబ్బీ రూపమున వచ్చినది.

మా సంఘములలో ఒకదానికి చెందిన యౌవనస్థుడొకడు పట్టణములో ఉద్యోగము చేయుచు, సెలవు దినములలో భూమి కొలుచు పాత పనిముట్లను వెదకి కూర్చుచుండును. కొందరు తపాలా బిళ్లలు కూర్చినట్లే ఇదియు. 1984 లో కరణీకము రద్దయిన తరువాత అటకలెక్కిన పెట్టెలు, పాత ఇనుము కొట్లు, వారపు సంతలు, ఇవి అతడు వెదకు స్థలములు. తుప్పు పట్టిన గొలుసు దొరికిన దినము అతనికి పండుగ. మొదట మేము నవ్వుకొంటిమి గాని, అతడొకమారు దేవాలయపు ఆవరణలో గొలుసును పరచి చూపినప్పుడు నవ్వు మానితిమి.

గంటరు గొలుసు 66 అడుగులు, 100 లింకులు. పొడవున పది గొలుసులు, వెడల్పున ఒక గొలుసు గల నేల ఎకరము. మన రైతులు దినదినము పలుకు సెంటు సరిగా వేయి చదరపు లింకులు. ఈ గొలుసును ఏర్పరచిన ఎడ్మండ్ గంటర్ (1581–1626) లండనులో ఖగోళశాస్త్రము బోధించిన పండితుడే గాక, సౌత్‌వార్కులోని సెయింట్ జార్జి దేవాలయపు పాదిరి కూడను. పది పది లింకులకు ఒక ఇత్తడి బిళ్ల వ్రేలాడును. పదికి ఒక పల్లు, ఇరువదికి రెండు, అట్లే నలుబది వరకు. నడుమ యాబదికి గుండ్రని బిళ్ల. అక్కడనుండి పండ్లు మరల తగ్గుచు వచ్చును. ఈ కొననుండి కొలిచినను ఆ కొననుండి కొలిచినను బిళ్లలు ఒకే తీరుగా ఉండును. (నలుబదిని అరువదిగా చదివి పొరబడినవారు లేకపోలేదు. అది వేరు మాట.)

క్రిందటి వేసవిలో అతడొక పల్లెలో వృద్ధురాలైన విధవరాలి యింటికి వెళ్లెను. ఆమె మామగారు పూర్వము సర్వే పనిలో గొలుసు లాగినవాడట. ఆనాటి దొర వెళ్లిపోవుచు ఇచ్చిన ప్రిజమాటిక్ దిక్సూచి యొకటి, తోలు సంచితో కూడ, ఆమె ట్రంకుపెట్టెలో ఉన్నది. మూతపై లండను పనివాని పేరు చెక్కియున్నది. ఆమె మూత తీసి చూపి, "ఇది పాడైపోయింది నాయనా, అంకెలన్నీ తిరగబడి ఉన్నాయి. ఇత్తడి రేటుకు తీసుకో" అనెను.

అంకెలు తిరుగబడియుండుట పాడగుటవలన కాదు. 1812 లో లండనులో ష్మాల్కాల్డర్ అనునతడు పేటెంటు పొందిన ఈ పనిముట్టును ఆ రీతిగానే చేయుదురు. అంచుననున్న గాజు పట్టకమునకు కన్ను ఆనించి చూచినయెడల తిరుగబడిన అంకెలు సరియై కనబడును. దూరపు గురుతును, దాని దిక్కు తెలుపు అంకెను ఒకే చూపులో చదువవచ్చును. యౌవనస్థునికి ఇది బాగుగా తెలియును. అతడు మాటాడలేదు. ఇత్తడి వెలకు నూరు రూపాయలు అదనముగా ఇచ్చి, ఆమె ఇచ్చిన కాఫీ త్రాగి, ఆమె కొరకు ప్రార్థన కూడ చేసి వచ్చెను.

"అయ్యగారూ, నేను అబద్ధమాడలేదు. ఆమె అడిగినదానికంటె ఎక్కువే ఇచ్చితిని. నేను కొనకున్న పాత సామానులవాడు దానిని కొలిమిలో వేయును. పొలములో ధనము కనుగొన్న మనుష్యుడు ఆ పొలము యజమానునికి చెప్పెనా?" అని అతడు మమ్మునడిగెను. ఆ సాయంకాలము మాకు ఉత్తరము తోచలేదు.

మేమును నిర్దోషులము కాము. ఒకప్పుడు పాత పుస్తకముల బండి యొద్ద చదువురాని పిల్లవాని చేతినుండి మంచి నిఘంటువొకటి చిల్లర డబ్బులకు కొని, ఇంటికి వచ్చి గొప్పలు చెప్పుకొంటిమి. ఆ పుస్తకమిప్పటికిని మా బల్లమీదనే యున్నది.

ఉపమానము సంగతి చూతము. ప్రభువు అక్కడ కొనువాని మౌనమును పొగడలేదు. కలిగినదంతయు అమ్మివేసిన అతని సంతోషమును చూపెను. అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని ఉపమానమును చదివి మనము దొంగలెక్కలు వ్రాయము గదా. ఆ మనుష్యుడు సమస్తమును ఇచ్చెను. మనవాడు నూరు రూపాయలు.

అయినను యౌవనస్థుని మాటలో కొంత న్యాయమున్నది. ఏండ్ల తరబడి నేర్చిన తెలివికి కూలి ఉండవలెను. పాత ఇత్తడిని చింతపండుతో తోమినయెడల మొదటి పూత పోయి వస్తువు చెడునని అతనికి తెలియును, కొలిమివానికి తెలియదు. సంతలో ఎద్దుల బేరమాడు ఇద్దరు రైతులు తమ మనస్సులోని తుది వెలను ఒకరికొకరు చెప్పుకొననక్కరలేదు. ఇద్దరును పండ్లు చూతురు, నడక చూతురు. ఇద్దరును ఎద్దును ఎరుగుదురు. ఇక్కడ ఆలాగు కాదు. వెల తెలియకపోవుట ఒకటి, వస్తువే ఏమిటో తెలియకపోవుట మరియొకటి. ఆమె అమ్మినది పాడైన ఇత్తడి. అతడు కొన్నది బాగుగా నున్న దిక్సూచి. సామెతలలో కొనువాడు సరుకును హీనపరచి, ఆవలికి పోయి అతిశయపడును. ఇచ్చట హీనపు మాట అమ్మునామె నోటనే వచ్చినది, కొనువాడు దానిని దిద్దలేదు. ఆ మాటవలన లాభము మాత్రము పొందెను.

లేవీయకాండము కొనుటలోను అమ్ముటలోను ఒకరినొకరు బాధింపకూడదని చెప్పునది పొలముల విషయములోనే. సునాద సంవత్సరమునకు ఎన్ని పంటలు మిగిలియున్నవో లెక్కించి వెల కట్టవలెను. ఆ లెక్క ఒక్కని యొద్ద దాగియుండునది కాదు. ఇద్దరును ఏండ్లు ఎంచగలరు. నూరేండ్లు దాటిన ఇట్టి పురాతన వస్తువులను సొంతముగా విదేశములకు పంపుటను 1972 నాటి మన చట్టము నిషేధించుచున్నది గాని, ఒక ముసలమ్మ యింటిలో ఎంత చెప్పవలెనో, ఎంత దాచవచ్చునో అందులో లేదు.

మేము అతనికి తీర్పు చెప్పలేదు. గొలుసును ఆమె కొననుండి ఒకమారు కొలిచి చూడుమంటిమి. రెండు వారములు అతడు మా యింటి వైపు రాలేదు. తరువాత ఒక ఆదివారము ఆరాధన ముగియగానే వచ్చి, ఆ పల్లెకు వెంట రమ్మనగా బస్సెక్కి వెళ్లితిమి. ఆమెను అరుగుమీద కూర్చుండబెట్టి, డబ్బీ ఆమె చేత పెట్టి, పట్టకమునకు కన్ను ఆనించి ఎదుటి వేపచెట్టును చూడుమనెను. ఆమె కన్ను చికిలించి చాలసేపు చూచెను.

"అంకెలు సరిగ్గానే ఉన్నాయి నాయనా" అనెను.

పట్టణములో దీనికి ఎంత వెల రావచ్చునో అతడు దాచక చెప్పెను. ఆమె డబ్బీని ఒడిలో పెట్టుకొని, తన మామగారికి కూడ దీనిలో చూచుట తెలిసియుండునా అని అడిగెను. ధర ఇంకను తేలలేదు.