కర్మమా? కారుణ్యమా?

ఆకలిగొన్నవాడు వాకిట నిలిచినప్పుడు అతని పూర్వకర్మమును విచారింపవలెనా, అన్నము పెట్టవలెనా? శాస్త్రము చదివిన నేనే ఒకనాడు ఈ పరీక్షలో ఓడితిని.

2020 మార్చి 25న దేశమంతటను రాకపోకలు నిలిచిపోయెను. అప్పుడు నేను హైదరాబాదున హైటెక్ సిటీ చెంత మా కుమారుని గృహమున ఉంటిని. అద్దాల మేడలలో పనిచేయువారు పెక్కుమంది ఇంట కూర్చుండియే ఉద్యోగము చేసికొనిరి. అట్టి మేడలు కట్టుటకు పాలమూరు నుండియు, ఒడిశా, బీహారు, ఝార్ఖండు రాష్ట్రముల నుండియు వచ్చిన కూలీలకు పని పోయెను. పనితో కూడును పోయెను. మూటలు నెత్తిన పెట్టుకొని, బిడ్డలను చంకనెత్తుకొని నడచిపోవు వారిని చూచి మా మనుమడు, "తాతగారూ! ఇండ్లు కట్టినవారు వీరే కదా, వీరికి ఇల్లేదీ?" అని యడిగెను. "పూర్వకర్మము, నాయనా!" అంటిని.

ఆ సాయంకాలము పారాయణమున భాగవత నవమస్కంధములోని రంతిదేవుని కథ వచ్చెను. 48 దినములు నీరైనను లేక శుష్కించిన యా రాజు, లభించిన యన్నమును అతిథులకు పెట్టి, మిగిలిన నీటిని సంఘము వెలివేసినవానికి ఇచ్చివేసెను. ఎవ్వరి కర్మమును అతడు ప్రశ్నింపలేదు. అందరియందును హరినే చూచెను. మోక్షమునైనను కోరక ప్రాణుల దుఃఖమును తానే అనుభవింపగోరెను. గ్రంథము మూసి తల యెత్తలేకపోతిని.

కర్మసిద్ధాంతము మన కష్టమును మనము ఓర్చుకొనుటకే గాని, పరుల కష్టమును చూచి ఊరకుండుటకు గాదు.

ఉపద్రవములు దైవికములు కావా యందురేమో! 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి ఈ నగరమున వేలమందిని బలిగొనెను. పెద్దలు కర్మమని కూర్చుండలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయములు వెలసెను. వరద దైవికమే కావచ్చును. దాని వెంట వచ్చు ఆకలిని ఆపుట మానవధర్మము.

మరునాడు మా కోడలు అదనముగా రెండు గిన్నెల అన్నము వండెను. గేటు కడకు మనుమడే ముందుగా నడచెను. మే 1న, అనగా 38వ దినమున, లింగంపల్లి నుండి ఝార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మంది కూలీలతో తొలి ప్రత్యేక రైలు కదలెనని విని చేతులు జోడించితిని.

భక్తులారా! తదీయారాధనము మన సంప్రదాయమునకు ప్రాణము. స్వామికి నివేదించిన ప్రసాదమును కన్నుల కద్దుకొనునప్పుడు ఒక్కమారు వాకిలి వైపు చూడుడు. అచ్చట నిలిచినవాడు ఎవ్వరివాడో అడుగవలదు, అతడును స్వామివాడే.