ఉమ్మడి వాగ్దానము

ఒక్కడు మాట యిచ్చి తప్పినయెడల లోకము వానిని అసత్యవాది యనును. పలువురు కలిసి యిచ్చిన మాట తప్పినప్పుడు ఆ దోష మెవ్వరిది? ఉమ్మడి కుటుంబముల నెఱిగిన మనకిది క్రొత్త ప్రశ్న కాదు. యజమాని సంబంధము ఖాయపఱచును, పిమ్మట "ఇంటిలో నొకరికి సమ్మతి లేదు, నేనేమి చేయుదును?" అని తప్పించుకొనును. ఐరోపా సమాఖ్య తన పొరుగుదేశముల యెడ నడచిన తీరు ఇట్టిదే యని మాకు తోచుచున్నది.

2003వ సంవత్సరమున గ్రీసుదేశపు థెస్సలోనికి నగరమున సమాఖ్య నాయకులు, బాల్కను దేశముల భవిష్యత్తు సమాఖ్యలోనే కలదని ప్రకటించిరి. పదేండ్లకు క్రొయేషియా చేరెను. ఇరువది యేండ్లు నిండినను తక్కినవి వాకిటనే నిలిచియుండెను.

వానిలో మాసిడోనియా కథ మిక్కిలి శోచనీయము. 2005లో దానికి అభ్యర్థిస్థానము లభించెను. కాని తన రాష్ట్రమున కదే పేరు కలదని గ్రీసు అడ్డగించెను. ఆ చిన్నదేశము 2018లో ప్రెస్పా సరస్సు తీరమున సంధి చేసికొని, 2019లో ఉత్తర మాసిడోనియా యని తన పేరునే మార్చుకొనెను. ఒక జాతి ఇంతకంటె నేమి యియ్యగలదు? అదే యేడు అక్టోబరులో, చేర్చుకొను పద్ధతినే ముందు సంస్కరింపవలె నని ఫ్రాన్సు సంప్రదింపులను నిలిపెను. 2020లో భాషను, చరిత్రను గూర్చిన తగవుతో బల్గేరియా అడ్డుపడెను. 2022 జూలైలో సంప్రదింపులు మొదలయ్యెను గాని, బల్గేరియనుల పేరు రాజ్యాంగమున చేర్చినగాని ముందునకు సాగరాదని నిబంధన యేర్పడెను. ఏఱు దాటువఱకు ఓడమల్లయ్య, దాటినపిమ్మట బోడిమల్లయ్య యన్న సామెత జ్ఞప్తికి రాకమానదు.

నిరాకరించు హక్కు ప్రతి సభ్యరాజ్యమునకును కలదు గదా, న్యాయస్థానములను చక్కబఱుపని వారిని, లంచగొండితనము మాన్పని వారిని ఎట్లు చేర్చుకొందు రని కొంద రడుగవచ్చును. నిజమే. అట్టి నిబంధనలు పొరుగువారికే మేలు చేయును. కాని హక్కు వేఱు, ధర్మము వేఱు. ఒక్కని కాదను మాటతో అందఱి మాటయు చెడునని యెఱిగియుండియు, ఆ సంగతి దాచి ఎదుటివానిచే త్యాగము చేయించుట ధర్మము కాదు.

ఇందు నష్టపడినవారు సంస్కరణవాదులు. "ఇది సహింపుడు, తలుపు తెఱవబడును" అని ప్రజలకు చెప్పిన ప్రధాని జోరన్ జాయెవ్ 2020 జనవరిలో పదవి విడిచెను. 2024 ఎన్నికలలో పేరుమార్పును నిరసించిన పక్షమే జయించెను. మాట తప్పుటవలన చెడునది ఇచ్చినవాని గౌరవము మాత్రమే కాదు. నమ్మినవాని యింటిలో వాని మాటకును విలువ పోవును.

2022 జూనులో సమాఖ్య ఉక్రెయిను, మోల్డోవాలకును అభ్యర్థిస్థాన మిచ్చినది. మాసిడోనియా కథ విన్నవారు దానిని సంశయముతో స్వీకరించిన తప్పు పట్టగలమా? ఇయ్యదలచినవారు నిబంధనలన్నియు ముందే చెప్పవలెను. నెఱవేరినపిమ్మట క్రొత్తవి చేర్పరాదు. ఇయ్యజాలనివారు లేదని చెప్పుట మేలు. లేదన్నమాట ఒక్కనాడే నొప్పించును. ఆశపెట్టి త్రిప్పుట ఒక తరమునే నొప్పించును.