కలిసి ఉండుటే ప్రేమా?



ధర్మపురి జిల్లా మహేంద్రమంగళములోని మా ఇంటికి ఈ మధ్య ఒక సాయంకాలము యువ దంపతులిద్దరు వచ్చారు. వారి చిన్న కుమారునికి జబ్బు చేసింది. కొన్ని నెలలు బెంగుళూరులోనే ఉండి వైద్యము చేయించాలని డాక్టరు చెప్పారట. భర్త ఇక్కడి పని మానుకుంటే వైద్యమునకు డబ్బు ఉండదు. కనుక తల్లి బిడ్డను తీసుకొని వెళ్ళాలి, తండ్రి ఇక్కడే ఉండాలి. "పెదనాన్నా, పెద్దమ్మా, మీరేమంటారు?" అని అడిగారు.

మేమిద్దరము ఒక్క గొంతుతో చెప్పాము: "పెళ్ళయినవారు ఒక్కచోట ఉండాలి. కష్టమైనా సుఖమైనా కలిసే పడాలి." ఆ అమ్మాయి ఏమీ అనలేదు. బిడ్డను భుజము మీద వేసుకొని వెళ్ళిపోయింది. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మేము చెప్పినది వారి మేలు కోసమా, లేక వినడానికి బాగుంటుందనా?

అప్పుడు మాకు గుంటూరు నుండి బయలుదేరిన ఒక కుటుంబము జ్ఞాపకమునకు వచ్చింది. ఆలెన్ బెకర్, నెల్లీ బెకర్ అనే దంపతులు గుంటూరులో మిషనరీలుగా పనిచేశారు. పెద్ద కుమార్తె రూత్ 1899లో గుంటూరులోనే పుట్టింది. తరువాత మారియన్, రిచర్డ్ పుట్టారు. రెండేళ్ళయినా నిండని రిచర్డుకు జబ్బు చేసింది. స్వదేశములో వైద్యము చేయించడానికి 1912లో తల్లి ముగ్గురు పిల్లలను తీసుకొని అమెరికాకు బయలుదేరింది. తండ్రి ఇండియాలోనే ఉండిపోయాడు. ఇంగ్లండు చేరిన తరువాత, ఏప్రిల్ 10న సౌతాంప్టన్ రేవులో వారు రెండవ తరగతి ప్రయాణికులుగా ఎక్కిన ఓడ పేరు టైటానిక్.

అదే ఓడలో మొదటి తరగతిలో మరొక దంపతులు ఉన్నారు. న్యూయార్కులోని మేసీస్ అనే పెద్ద దుకాణమునకు యజమానులలో ఒకరైన ఐసిడోర్ స్ట్రాస్, ఆయన భార్య ఐడా. ఆయనకు 67 ఏండ్లు, ఆమెకు 63. పెండ్లియై 40 ఏండ్లు దాటింది. పిల్లలు పెద్దవారయ్యారు.

ఏప్రిల్ 14 రాత్రి ఓడ మంచుకొండను ఢీకొన్నది. ఓడలో 2,200 మందికి పైగా ఉన్నారు. ఉన్న 20 లైఫ్‌బోట్లలో పట్టేది 1,178 మందికే. స్త్రీలను, పిల్లలను ముందు ఎక్కించమన్నారు. ఐడాను 8వ పడవలోనికి పిలిచారు. భర్తను విడిచి ఎక్కనని ఆమె చెప్పింది. పెద్దవయస్సు గనుక ఐసిడోర్ కూడ ఎక్కవచ్చునని తోటి ప్రయాణికులు అన్నారు. ఇతర పురుషులకంటె ముందుగా తాను ఎక్కనని ఆయన చెప్పాడు. ఐడా తన బొచ్చుకోటును పనిమనిషి ఎలెన్ బర్డుకు ఇచ్చి పడవ ఎక్కించింది. దంపతులిద్దరూ ఓడతోపాటు పోయారు. ఈ సంగతిని లోకము నూరేండ్లకు పైగా చెప్పుకొంటున్నది.

నెల్లీ సంగతి అంతగా ఎవరూ చెప్పరు. పడవలు దించే సమయములో చలికి దుప్పట్లు తెమ్మని ఆమె రూతును గదికి పంపింది. ఆ అమ్మాయి తెచ్చింది. 11వ పడవలో మారియన్‌ను, రిచర్డును ఎక్కించారు. నెల్లీ బ్రతిమాలుకొని తానూ ఎక్కింది. అంతలో పడవ నిండినదన్నారు. 12 ఏండ్ల రూత్ ఓడమీదనే నిలిచిపోయింది. వేరొక పడవ ఎక్కుమని తల్లి కేక వేసింది. ఒక బిడ్డను అక్కడ వదలి ఇద్దరితో చీకటి సముద్రములోనికి దిగిన ఆ తల్లి మనస్సు ఎలా ఉన్నదో ఎవరు చెప్పగలరు?

రూత్ 13వ పడవ దగ్గరకు వెళ్ళి, ఎక్కవచ్చునా అని అడిగి ఎక్కింది. ఆమె చేతిలో ఉన్న దుప్పట్లు, పలుచని బట్టలతో వణుకుతున్న కొలిమి పనివారికి ఉపయోగపడ్డాయి. తెల్లవారిన తరువాత తమను ఎక్కించుకొన్న కార్పాతియా ఓడమీద తల్లీ కూతుళ్ళు మళ్ళీ కలుసుకొన్నారు.

ఈ ఇద్దరు భార్యలలో ఎవరు ఎక్కువ ప్రేమించారు? ఐడా భర్తను విడువలేదు. నెల్లీ భర్తను వేల మైళ్ళ వెనుక విడిచి వచ్చింది, కన్నకూతురిని కూడ విడిచి పడవ ఎక్కింది. కలిసి ఉండుటే ప్రేమకు కొలత అయితే నెల్లీ ఓడిపోయినట్లే. అది న్యాయమైన కొలతేనా?

ఐడా విషయములోను ఒక ప్రశ్న ఉన్నది. 65 మంది పట్టే 8వ పడవ సగమైనా నిండకుండానే వెళ్ళింది. వారిద్దరూ ఎక్కితే ఎవరి ప్రాణమూ పోయేది కాదని ఇప్పుడు మనకు తెలుసు. అయితే ఆ రాత్రి వారికి అది తెలియదు. ధనవంతునికి ఒక నియమము, పేదవానికి ఒక నియమము ఉండకూడదని ఐసిడోర్ వెనుకకు తగ్గాడని మేము అనుకొంటాము. ఆయన మర్యాదను మేము తగ్గించము. ఐడా ప్రేమనూ తగ్గించము. వారి పిల్లలు పెద్దవారు గనుకనే ఆమెకు ఆ స్వేచ్ఛ దొరికింది. నెల్లీ ఒడిలో నడక సరిగా రాని జబ్బు బిడ్డ ఉన్నాడు. ఆమెకు ఆ స్వేచ్ఛ లేదు.

కనుక మాకు తోచినది ఇది. కలిసి ఉండాలా, విడిపోవాలా అన్నది మొదటి ప్రశ్న కాదు. మనమీద ఆధారపడి ఉన్నవారెవరు, వారికి మనము ఎక్కడ అవసరము? అదే మొదటి ప్రశ్న. కలిసి చనిపోవుట ఒక రాత్రి పని. విడిపోయి బ్రతుకుట ఏండ్ల తరబడి మోయవలసిన బరువు. రూత్ కాన్సాసులో టీచరుగా పనిచేసింది. ఆ రాత్రి సంగతి తన సొంత పిల్లలకు కూడ చాలా కాలము చెప్పలేదు. 1990లో తన 90వ ఏట మరణించినప్పుడు ఆమె అస్థికలను ఆ ఓడ మునిగిన చోటనే సముద్రములో కలిపారు. అంత బరువు ఆమె మోసింది.

మన సంఘములలో ఊరు విడిచి వచ్చినవారే ఎక్కువ. వెళ్ళినవారిని "వదలి పోయారు" అంటాము. ఉండిపోయినవారిని "పంపి చేతులు దులుపుకొన్నారు" అంటాము. రెండు మాటలూ మన నోట తేలికగా వస్తాయి.

మరునాడు మేము ఆ దంపతుల ఇంటికి వెళ్ళి, తొందరపడి అన్న మాటను వెనుకకు తీసుకొన్నాము. తల్లీ బిడ్డలు బెంగుళూరు వెళ్ళారు. అబ్బాయి రాత్రి భోజనము ఇప్పుడు మా ఇంటనే. భోజనము కాగానే అతడు గడపమీద కూర్చుండి ఫోను చేస్తాడు. బిడ్డ ఏమి తిన్నాడో, ఎంత నిద్రపోయాడో అడుగుతాడు. మేము లోపల గిన్నెలు సర్దుకొంటూ వింటూ ఉంటాము. వారిద్దరు విడిపోయారని ఇక మా నోట రాదు.