వృద్ధ సైనికుని స్వాస్థ్యము

పఠనభాగము: యెహోషువ 14:6-15, 21:11-13

కాలేబు నలువది యేండ్ల ప్రాయమున వేగులవాడై కనానును చూచెను. ఇతరుల అవిశ్వాసమువలన అరణ్యశ్రమను తానును సహించెను; పిమ్మట యుద్ధములు చేసెను. ఎనుబదియైదవ యేట అతడడిగినది సులభమైన మైదానము కాదు, అనాకీయులున్న కొండసీమ. హెబ్రోను అతనికి లభించెను. అయితే ఆ పట్టణము లేవీయులకియ్యబడి, పొరపాటున ప్రాణము తీసినవారికి ఆశ్రయపురమాయెను. పొలములును పల్లెలును అతనికి మిగిలెను.

మన దేశమున బస్తరు నేలయు భూమి విలువను బోధించుచున్నది. అడవులను రిజర్వు చేయబూనగా 1910లో అచ్చట భూమ్‌కాల్ తిరుగుబాటు లేచెను. 1958లో ఆరంభమైన దండకారణ్య ప్రణాళిక తూర్పు పాకిస్తాను కాందిశీకులకు ఆ సీమలో భూమినిచ్చెను. అడవిని పోగొట్టుకొన్నవారి కన్నీరును, ఆశ్రయము వెదకినవారి కన్నీరును ఆ మట్టిలో కలిసినవి. గిరిజనుని భూమి అన్యుల పాలు కాకుండ 1959 నాటి భూమి రెవెన్యూ చట్టము అచ్చట కంచెగా నిలిచియున్నది.

సైన్యమునుండి విరమించి, కష్టములకోర్చి, జగదల్‌పూర్‌లో స్థలముల క్రయవిక్రయములు చేపట్టు విశ్వాసికి ఆ కంచెయే పరీక్ష. బినామీ పేరున దానిని దాటుట సులభము, లాభకరము. అయితే దేశపు సరిహద్దును కాచినవాడు పొరుగువాని పొలిమేరను జరుపవచ్చునా? యథార్థముగా వ్యవహరించువాని చేతిలో భూమి అనేకులకు నీడయగును.

ప్రార్థన: ప్రభువా, భూమి నీది. మా చేతిలో అది ఉరి కాక ఆశ్రయమగునట్లు కృప దయచేయుము. ఆమేన్.