సంగదోషము – సంగబలము

సాంగత్యము మనుజుని తీర్చును, సాంగత్యమే వానిని చెరచును అను మాటను కాదనువారు లేరు. అయితే చెడు సాంగత్యమున బడిన యువకుని యెడల సజ్జనులు ఎట్లు ప్రవర్తింపవలెనను ప్రశ్నకు మాత్రము సమాధానము అంత సులభముగా దొరకదు. వానికి దూరముగా నుండుటయే క్షేమమా? వాని చేతిలోని కత్తి క్రిందపడిన పిమ్మట దగ్గరకు తీయవలెనా, లేక కత్తి చేతనుండగనే వాని కడకు పోవలెనా? కరుణకు ముందు అర్హతను అడుగవలెనా, అడుగకూడదా?

ఈ ప్రశ్న పురాణకాలముతో ముగిసినది కాదు. అమెరికా దేశమున చికాగో, బోస్టన్, లాస్ ఏంజిలిస్ వంటి మహానగరములు దాదాపు నూరేండ్లుగా దీనితో పెనుగులాడుచున్నవి. నేడు తెలుగు కుటుంబములెన్నియో ఆ నగరముల పరిసరములలోనే కాపురముండి, ఆలయములు నిర్మించుకొని, బిడ్డలను పెంచుకొనుచున్నవి. ముఠా అను మాట స్వదేశమునందలి తెలుగువారికిని క్రొత్తది కాదు. రాయలసీమ పల్లెలలో తరతరముల కక్షలు ఎన్ని యిండ్ల దీపముల నార్పినవో అందరెరిగినదే. కాని యువకుల ముఠాలను గూర్చి ఓపికతో, లెక్కలు కట్టి, తమ తప్పులను తామే బయటపెట్టుకొనుచు దీర్ఘకాలము విచారణ చేసినవారిలో ఆ దేశపు పండితులు ముందున్నారు. వారు కనుగొన్నది మొదట వినవలసి యున్నది.

1927వ సంవత్సరమున ఫ్రెడరిక్ థ్రాషర్ అను సమాజశాస్త్రజ్ఞుడు చికాగో నగరమునందలి 1,313 ముఠాలను పరిశీలించి ఒక గ్రంథమును ప్రకటించెను. ముఠా యనునది దుష్టసంకల్పముతో పుట్టునది కాదని అతడు చూపెను. మొదట అది వీధిలో ఆటలాడుకొను పిల్లల గుంపు మాత్రమే. పొరుగువీధి గుంపుతో తగవు వచ్చును. ఆ తగవులో మనము, వారు అను భేదము గట్టిపడును. ఒక పేరు, ఒక గురుతు, ఒక పగ ఏర్పడును. కర్మాగారములకును, రైలుమార్గములకును, గృహస్థుల పేటలకును నడుమ ఎవరికిని పట్టని ప్రదేశములలో ఇట్టి గుంపులు దట్టముగా పెరుగునని అతడు గమనించెను.

అతని వెనుక క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే అను ఇరువురు అదే నగరమున బాలనేరస్థుల యిండ్లను పటముపై గురుతులు పెట్టి చూచి, 1942లో తమ ఫలితములను వెలువరించిరి. కొన్ని పేటలలో జర్మనులు, ఐరిషువారు పోయి పోలండు, ఇటలీ దేశముల వారు వచ్చినను నేరముల లెక్క మాత్రము మారలేదు. ఆ పేట విడిచి పోయినవారిలో అది తగ్గినది. అనగా దోషము జాతిలో లేదు, చోటునందున్నది. పొరుగువాని కులమునో జాతినో నిందించుట ఏ దేశమున నైనను మిక్కిలి సుళువైన పని. ఈ లెక్క ఆ సుళువును ఒప్పుకొనదు.

ఇంకొక విషయము ఆలోచింపదగినది. ముఠాలోని యువకునికి విశ్వాసము కలదు, చెలికానికొరకు దెబ్బతిను తెగువ కలదు, ఉన్నది పంచుకొను గుణము కలదు. ఇవి సద్గుణములే గాని దుర్గుణములు కావు. ఇంటను, బడిలోను, గుడిలోను దొరకని ఆదరము వానికి అచ్చట దొరకినది. అందుచేత వాని భక్తియంతయు అచ్చటనే సమర్పితమైనది. చెడ్డవాడు అని ఒక్కమాటతో తోసివేయువారు ఈ సంగతిని చూడరు.

ఇట్లనగానే దారిద్ర్యమే సమస్తమునకును మూలమని తలచరాదు. భాగవతము ఏకాదశస్కంధమున వచ్చు యదుకుమారుల కథను తలచినచో ఆ తలపు నిలువదు. వారికి ఏమి కొరత? ద్వారకవంటి పురము, శ్రీకృష్ణుని వంటి పెద్దదిక్కు. అయినను ఏమియు తోచని ఒక దినమున కొందరు కుమారులు గుంపుగా కూడి, సాంబునికి గర్భిణీవేషము వేసి, మహర్షులను పరిహసించిరి. ఏ ఒక్కడును ఒంటరిగా నుండినచో ఆ పనికి తెగించి యుండడు. గుంపులో నుండుటచేతనే తెగించిరి. శాపఫలముగ ముసలము పుట్టినది. పెద్దలు భయపడి దానిని అరగదీయించి సముద్రమున కలిపిరి. మద్యమును నిషేధించిరి. చేయవలసిన కట్టుదిట్టములన్నియు చేసినట్లే యున్నది. కాని ఆ ఇనుపరజను అలలతో ఒడ్డునకు చేరి ఏరక యను తుంగగా మొలచినది. ఆయుధమును మాత్రము లాగికొని, ఆయుధము పట్టు మనస్సును విడిచిపెట్టినచో ఏమగునో ఇంతకంటె స్పష్టముగా చెప్పుట కష్టము.

ప్రభాసతీర్థమున జరిగిన సంహారమును మహాభారతము మౌసలపర్వమున వర్ణించిన తీరు మరింత గమనింపదగినది. పానమత్తుడైన సాత్యకి, నిద్రించువారిని చంపినవాడవని కృతవర్మను ఎత్తిపొడిచెను. చేయి తెగిన భూరిశ్రవసుని వధించినవాడవు నీవు కావా యని కృతవర్మ బదులు పలికెను. ఎన్నడో ముప్పదియారేండ్ల క్రిందటి యుద్ధపు పగలు! ఆ ఒక్క మాటతో కృతవర్మ తల తెగినది. అతని వారు చేతికందిన ఎంగిలిపాత్రలతోనే సాత్యకిని మోదిరి. అతనికి అడ్డుపడిన ప్రద్యుమ్నుడును కూలెను. ధనముకొరకు కాదు, రాజ్యముకొరకు కాదు; అవమానముకొరకు, ప్రతీకారముకొరకు. నేటి నగరములలో ముఠాల హత్యలను పరిశీలించినవారు సరిగా ఇదే చెప్పుచున్నారు. వ్యాపారపు తగవులకంటె ఒక చులకన మాట, ఒక పాతపగ, నిన్నటి హత్యకు నేటి బదులు—ఇవియే అనేక ప్రాణములను బలిగొన్నవి. భూభారహరణమునకై భగవత్సంకల్పము అట్లున్నదని పెద్దలు చెప్పుదురు. నిజమే. కాని భగవంతుని సంకల్పమును చూపి గృహస్థుడు తన బిడ్డవిషయమున చేతులు ముడుచుకొని కూర్చుండుటకు అది సాకు కాజాలదు.

మంచి సంకల్పముతో మొదలిడిన పనులన్నియు మంచినే చేసినవని కూడ చెప్పుటకు వీలులేదు. మసాచుసెట్స్ రాష్ట్రమున 1939లో మొదలిడిన ఒక ప్రయత్నములో 506 మంది బాలురను జతలుగా ఎంచి, సగము మందికి ఏండ్ల తరబడి సలహాదారుల నిచ్చిరి, చదువు చెప్పించిరి, వైద్యము చేయించిరి, వేసవి శిబిరములకు పంపిరి. 1945లో అది ముగిసినది. ముప్పదియేండ్లకు జోన్ మెకార్డ్ అను విదుషి వారిలో పెక్కుమందిని వెదకి పట్టుకొని విచారించి 1978లో ఫలితము ప్రకటించినది. సహాయము పొందినవారిలో పెక్కుమంది దానిని ప్రేమతో స్మరించిరి. కాని కొన్ని విషయములలో వారి బ్రతుకులు సహాయము పొందనివారి కంటె హీనముగనే యున్నవి. శిబిరములకు పలుమారులు పోయినవారికి నష్టము మరింత అధికమని తరువాత తేలినది. తప్పుదారి పట్టు బాలురను ఒకచోట చేర్చినచో వారు ఒకరికొకరు గురువులగుదురు కాబోలు. లాస్ ఏంజిలిస్ నగరమున మాల్కమ్ క్లైన్ అను పండితుడును 1960 దశకమున ఇట్టిదే చూచెను. ముఠాల వెంట తిరుగుచు మేలుచేయుటకై నియమింపబడినవారి శ్రద్ధచేతనే ముఠాలు మరింత బిగువుపడినవి. గుంపును గుంపుగా ఆదరించినచో గుంపునకే బలము చేకూరును. యువకులకై భజనమండలులు, సేవాదళములు నడపువారు ఈ సంగతిని మరువరాదు. అల్లరి పిల్లల నందరిని ఒక్కచోట కూర్చుండబెట్టుట సత్సంగము కాదు. పెద్దలు, పిన్నలు, నెమ్మదిపరులు నిండుగా నున్న సంగమున ఒక్కొక్కనిని చేర్చుకొనవలెను.

బోస్టన్ నగరమున జరిగినది వేరు. అచ్చట 1990లో 152 హత్యలు జరిగినవి. 1992 మే నెలలో ఒక ప్రార్థనామందిరమున హతుడైన యువకుని అంత్యక్రియలు జరుగుచుండగనే ముఠావారు లోనికి చొరబడి మరియొక కుర్రవానిని కొట్టి పొడిచిరి. అదివరకు మందిరమునుండియే బోధించుచున్న పాదరులు కొందరు అటుపిమ్మట రాత్రివేళల వీధులలో నడువసాగిరి. దుఃఖము తమ గడప దాటి లోనికి వచ్చినగాని వారును గడప దాటలేదన్నమాట. ఏ మతపు ఆలయమునకైనను ఇది ఆలోచింపదగినదే.

విద్వాంసులు లెక్క చూడగా, సుమారు 61 ముఠాలలోని 1,300 మంది, అనగా ఆ నగరపు యువకులలో నూటికి ఒక్కరు కంటె తక్కువ మంది, యువకుల హత్యలలో కనీసము నూటికి 60 పాళ్లకు కారకులని తేలినది. 1996లో ఆ కొద్దిమందిని పిలిపించి, ఎదురుగా కూర్చుండబెట్టి, అధికారులు, సేవకులు, పాదరులు కలిసి ఒకేమాట చెప్పిరి: తుపాకి ప్రేలినచో ముఠా మొత్తముపై శిక్ష తప్పదు, మానుకొందుమన్నవారికి పని, చదువు, ఆదరము కలవు. తరువాతి కాలమున యువకుల హత్యలు నెలసరి లెక్కలో నూటికి 63 పాళ్లు తగ్గినవని పరిశోధకులు వ్రాసిరి. ఆ ఐకమత్యము కొన్నేండ్లకు సడలినపుడు హత్యలు మరల పెరిగినవి.

శిక్షయా, దయయా యను వాదమున సామాన్యముగ జనులు ఏదో ఒక ప్రక్క నిలుతురు. నవద్వీపమున జగాయి, మాధాయి అను సోదరుల కథలో రెండును ఒకేచోట కానవచ్చును. మాధాయి కుండపెంకుతో కొట్టగా నిత్యానందప్రభువు నుదుట నెత్తురు కారినది. చైతన్యమహాప్రభువు ఆగ్రహించి సుదర్శనమును ఆవాహనము చేసెను. దెబ్బతినిన నిత్యానందుడే అడ్డుపడి వారి ప్రాణములు వేడెను. చక్రము కానరానిచో ఆ సోదరులు నిలిచి వినియుందురా? వేడువాడు లేనిచో మిగిలియుందురా?

చికాగోలో బాలురకొరకు నడుపబడు ఒక శిక్షణలోని చిన్న ఆట ఇచ్చట చెప్పదగినది. ఇరువురిని జతచేసి ఒకని చేతికి బంతి నిత్తురు. అరనిమిషములో దానిని తీసికొనుమని రెండవవానికి చెప్పుదురు. పిడికిలి విప్పుటకు వాడు గింజుకొనును, మెలిపెట్టును, క్రిందపడవేయును. పిమ్మట గురువు, ఇమ్మని ఎందుకు అడుగలేదని ప్రశ్నించును. అడిగినచో ఇచ్చియుందునని తరచు ఎదుటివాడే చెప్పును! ఇంతియే పాఠము: చేయి లేచుటకు ముందు ఒక్కక్షణము ఆగి, ఎదుటివాని మనస్సును నేను సరిగా తెలిసికొంటినా యని విచారించుట. ఈ శిక్షణ పొందినవారిని పొందనివారితో పోల్చి చూడగా, శిక్షణ జరుగుచున్న కాలమున హింసానేరములకై నిర్బంధములు దాదాపు సగమునకు తగ్గినవి. శిక్షణ ముగిసిన పిదప ఆ మేలు నిలువలేదని కూడ పరిశోధకులు దాచక చెప్పిరి. గీతాచార్యుడు అభ్యాసమును గూర్చి అంతగా నొక్కి చెప్పుటకు కారణమిదియే. నిత్యానుష్ఠానము ఒక యేడు చేసి ముగించు పరీక్ష కాదు.

లాస్ ఏంజిలిస్ నగరమున గ్రెగరీ బాయిల్ అను క్రైస్తవ సన్న్యాసి 1988 నుండి ముఠాలలోని యువకులకు పని చూపుచు వచ్చి, 1992లో ఒక రొట్టెల దుకాణమును తెరచెను. పరస్పరము కాల్చుకొనిన ముఠాల వారు అచ్చట ఒకే బల్లవద్ద పిండి పిసుకుదురు. ఇట్టివారికి అన్నము పెట్టుట నేరమును ప్రోత్సహించుటయే యని తొలిదినములలో అతనిని దూషించినవారు తక్కువమంది కారు. బుద్ధిగా చదువుకొను పేదపిల్లవాడు పనిలేక తిరుగుచుండగా తుపాకి పట్టినవానికి పని ఇచ్చుట న్యాయమా యను వారి ప్రశ్నలో బలము లేకపోలేదు. దానిని తేలికగా తోసివేయరాదు.

ఈ ప్రశ్న శ్రీవైష్ణవులకు చిరపరిచితమే. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొనవలెను. పిల్లికూనను తల్లియే కరచుకొని పోవును. కృపకు చేతనుని యత్నము కొంతయైన కావలెనా, కృప నిర్హేతుకమా యని ఆచార్యులు శతాబ్దములుగా విచారించిరి. ఆ సిద్ధాంతభేదము ఎట్లున్నను, ఆచరణలో భగవద్రామానుజులు చేసినది గురుపరంపర చెప్పుచున్నది. శ్రీరంగమున ధనుర్దాసు అను మల్లుడు, భార్య కన్నులనే చూచుచు, ఆమెకు గొడుగుపట్టి వీధిలో నడుచుచుండగా శిష్యులు నవ్విరి. రామానుజులు నవ్వలేదు. అతనిని పిలిచి, సన్నిధికి కొనిపోయి, శ్రీరంగనాథుని నేత్రములను చూపిరి. ఆ వ్యామోహమును చంపుమనలేదు; దానికి తగిన చోటును చూపిరి. అటుపిమ్మట కావేరీస్నానము చేసి మరలునపుడు ఆ మల్లుని చేయి పట్టుకొనియే నడచెడివారు. శిష్యులకు అది కంటగింపైనను మానలేదు.

తిరుమంగై ఆళ్వారు కథ ఇంకను ఆశ్చర్యకరము. నిత్యము వేయిన్నెనిమిది మంది భాగవతులకు అన్నము పెట్టు వ్రతమునకై ధనము చాలక దారిదోపిడికి దిగిన నాయకుడాయన. నీటిపై నడచువాడు, నీడలో దాగువాడు, తాళము నూదియే తెరచువాడు, వాదమున ఓటమి యెరుగనివాడు అని నలుగురు అనుచరులు. చక్కని ముఠాయే! మంచి పనికై చెడుదారి పట్టిన ఈ ముఠాను మార్చుటకు పరమాత్మ రాజభటులను పంపలేదు, మారినపిదప రమ్మని కబురు పెట్టలేదు. పెండ్లికుమారుని వేషమున నగలతో తానే ఆ చీకటిదారిన వచ్చెను, దోచుకొననిచ్చెను. కాలిమెట్టె ఊడిరాక ఆళ్వారు పంటితో పట్టి లాగుచుండగనే అనుగ్రహము కలిగినది. మూట కదలకపోగా ఏమి మంత్రము వేసితివని కత్తి దూసి బెదరించినవాని చెవిలోనే అష్టాక్షరి ఉపదేశింపబడినది. కత్తి ఇంకను ఆయన చేతనే యున్నది.

అహోబిల నృసింహుని, తిరువేంగడనాథుని పాశురములతో కీర్తించినది ఆ నోరే. శ్రీరంగమున వైకుంఠైకాదశీ మహోత్సవములలో, రాపత్తు ఎనిమిదవ నాటి సాయంకాలమున, నంపెరుమాళ్లు బంగారు గుర్రమునెక్కి వెలుపలికి వేంచేయును. ఆళ్వారు ఆయనను అటకాయించి దోచుకొను ఘట్టము వేడుపరి యను పేర భక్తులెల్లరి యెదుట ఏటేట జరుగును.