అఱచేతిలోని దృష్టి

శిశువు తొలుత చదువునది గ్రంథము కాదు, తల్లి ముఖము. తాను నవ్వినచో తల్లి నవ్వును. తాను ‘ఊ’ అన్నచో తల్లి ‘ఊ’ కొట్టును. ఈ బదులు పలుకులలోనే బిడ్డకు మాట పుట్టును, మమత పుట్టును.

చోడవరము 2022 వఱకు విశాఖపట్టణ జిల్లాలోనిది. నేడు అనకాపల్లి జిల్లాలోనిది. చెఱకు పండు ఇట్టి సీమలో బిడ్డకు గోరుముద్దలు తినిపించుటకు ఒకప్పుడు చందమామయు, పెరటి కాకియు, వీధిలోని దూడయు తోడ్పడెడివి. నేడు ఆ పనిని సెల్‌ఫోను చేయుచున్నది. తెరపై బొమ్మ కదలనిదే బిడ్డ నోరు తెఱవడు.

తల్లిని నిందించుట సులభము. కాని ప్రొద్దుట పొలమునకు పోవలసిన తల్లికిని, మోకాళ్ల నొప్పులతో బాధపడు మామ్మకును ఆ అరగంట నెమ్మది చిన్న విషయము కాదు. మఱియు 2020లో కరోనా వలన బడులు మూతపడినపుడు పాఠములే ఫోనులోనికి వచ్చినవి. కావున యంత్రము పగ కాదు. ఏ వయసున, ఎంతసేపు, ఎవరికి మాఱుగా అన్నదే ప్రశ్న.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏడాది నిండని శిశువునకు తెర అసలే తగదనియు, 2 మొదలు 4 ఏండ్ల వారికి దినమునకు ఒక గంట మించరాదనియు, తగ్గినకొలది మేలనియు సూచించెను. మన దేశపు శిశువైద్యుల సంఘమును రెండేండ్ల లోపు వారికి తెర వలదన్నది. దూరముననున్న బంధువులతో ముఖాముఖి మాటలాడుట మాత్రము అప్పుడప్పుడు తగునన్నది. ఈ మినహాయింపులో ఒక మర్మము కలదు. అచట తాతగారు బదులు పలుకుదురు. కదలు బొమ్మ ఎంత మాటలాడినను శిశువు మాటకు బదులు పలుకదు.

పాల్కురికి సోమనాథుని బసవపురాణములోని గొడగూచి, శివుడు పాలు త్రాగలేదని వెక్కి వెక్కి యేడ్చినది. తన ప్రేమకు ప్రత్యుత్తరము రావలెననుట శిశుస్వభావము.

ఇష్టలింగమును అఱచేత నుంచుకొని దృష్టి నిలుపుట మన ఇండ్లలోని ఆచారము. బిడ్డ చూచునది పెద్దల అఱచేతినే. తండ్రి కంచము ముందు ఫోను చూచుచు కుమారుని మందలించినచో ఆ మాట ఎట్లు చెవికెక్కును?

కావున భోజనవేళ ముందుగా పెద్దల ఫోనులే ప్రక్కకు పోవలెను. కొలది దినములు బిడ్డ మారాము చేయును, ఓర్చుకొనవలెను. ఆ ఓర్పు తల్లి వంతు మాత్రమే కారాదు. తండ్రి ఒడిలో కూర్చుండబెట్టుకొని నాలుగు ముద్దలు పెట్టుటయు కాయకమే. బిడ్డ పిలిచినపుడు పలుకు మనిషి ఇంట నుండుటకంటె వానికి వేఱు భాగ్యమేమి కలదు?