అల్లుడా, ఒక మాట

అల్లుడా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. వారం నుంచి నువ్వు సరిగా తినడం లేదంట, నడిరేయి లేచి వాకిట్లో కూర్చుంటున్నావంట. "డ్యూటీ ఎక్కువైంది" అంటే ఆమె నమ్మింది. నేను నమ్మలేదు. మీ స్టేషను పరిధిలో ఒక పిల్లవాడు ప్రాణం తీసుకున్నాడని, మహజరుకి నువ్వే పోయినావని నాకు తెలుసు. ముప్పై ఏండ్లు నేనూ ఖాకీ వేసుకున్నోణ్ణే.

అట్లాంటి పని నుంచి వచ్చినరోజు మనమేం చేస్తాం? వాకిట్లోనే బట్టలు విడిచి, నెత్తిన నాలుగు చెంబులు పోసుకుని లోపలికి పోతాం. మైల పోయిందనుకుంటాం. చనిపోయినవాళ్ళ ఇంట్లో చుట్టాలు చేరతారు, ఏడుస్తారు, పదకొండో దినం చేస్తారు. శవాన్ని దించి మోసిన నీకు ఏ దినమూ లేదు. మర్నాడు శనివారమైతే శనిమహాత్మ గుడికాడ రద్దీ చూసుకోమంటారు.

పైగా మన పావగడ ఎంత? మూడు పక్కలా ఆంధ్ర, అందరూ ఒకరికొకరు ఎరిగినోళ్ళే. పోయినవాడు నీతో బళ్ళో చదివినోడు కావచ్చు. యూడీఆర్, అంటే అసహజ మరణం రిపోర్టు, కన్నడంలో రాస్తావు, తల్లి ఏడ్చేది తెలుగులో. ఆమె గంటసేపు నోరు కొట్టుకుని చెప్పిన మాటల్ని 'మృతన తాయియ హేళికె', అంటే పోయినోడి తల్లి వాంగ్మూలం, అని రెండు పంక్తులు చేస్తావు. మిగిలిందంతా యాడికి పోతుంది? నీ రొమ్ములోనే నిలుస్తుంది.

2022లో మన కర్ణాటకలో ఆత్మహత్యలు 13,606 అని జాతీయ నేర నమోదు సంస్థ లెక్క. ఒక్కొక్క చావూ ఆ మనిషిని ఎరిగిన 135 మంది దాకా తాకుతుందని అమెరికాలో జూలీ సెరెల్ అనే పరిశోధకురాలు లెక్కగట్టింది. చనిపోయినాకనే ఆ ముఖం తొలిసారి చూసిన కానిస్టేబుల్‌ని ఎవరు లెక్కపెట్టినారు?

నా సంగతి ఎప్పుడూ నీకు చెప్పలేదు. చెనిక్కాయ పంట ఎండిపోయిన ఏడు ఒక రైతుకి పంచనామా రాసినాను. ఆయన చొక్కా జేబులో ఎర్ర రిబ్బను ఉండింది, బిడ్డకోసం కొన్నది. ఆ తర్వాత ఎన్నో ఏండ్లు నా బిడ్డకి రిబ్బను కొనడానికి అంగడికి పోలేకపోయినాను. పెద్దాయన ఒకరికి చెప్పుకుంటే, "పోలీసోడివి, ఏందిరా ఇది" అన్నాడు. అంతటితో నోరు మూసుకున్నా, సీసా పట్టినా. ఆ ఏండ్లు మీ అత్త ఎట్లా ఈదిందో ఆమెకే తెలుసు. నువ్వు ఆ దోవ పట్టొద్దు నాయనా.

రికార్డుకి తీసిన ఫోటోలు దాఖలు చేసినాక నీ ఫోన్‌లో ఉంచొద్దు. రాత్రిళ్ళు తెరిచి చూస్తావు. పది నిమిషాలు ముందు పోయుంటే అని లెక్కలు వెయ్యొద్దు, ఫోన్ వచ్చినాకనే కదా నువ్వు బండెక్కింది. ఆరోజు నీతో ఉన్నవాళ్ళతో ఒక టీ తాగు. 108 డ్రైవరుని, ఆ ఊరి ఆశా అమ్మని, మార్చురీలో పనిచేసే ఆయనని కూడా పలకరించు. ఆయన్ని ఎవరూ అడగరు. "తిన్నావా" అంటే చాలు, మిగతాది వాళ్ళే చెప్తారు, నీదీ బయటికొస్తుంది.

ఇంకో వారం చూసినా నిద్ర పట్టకుంటే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరు 10న మొదలైంది, వెనక నిమ్హాన్స్ డాక్టర్లున్నారు. పగలూ రేయీ పలుకుతారు, పైసా అక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. ఎదురుగా కూర్చుని చెప్పుకోవాలంటే తుమకూరు జిల్లా ఆసుపత్రికి పోదాం, నేనూ వస్తా. స్టేషనులో పలచనైపోతానని జంకొద్దు. వైద్యం సంగతి గుట్టుగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టంలోనే రాసుంది. బతుకు మీద నీకే విసుగు పుడితే మాత్రం వారం ఆగొద్దు. ఆ క్షణమే నాకు చెయ్యి. ఎంత రాత్రైనా ఎత్తుతా.

ఆదివారం సెలవు దొరికితే బస్సెక్కు. అత్త సంగటి, ఊరుబిండి చేస్తానంది. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకుంటే తిని చింతచెట్టు కింద మంచమేసుకుని పడుకో. నేను పక్కనే కూర్చునుంటా.

మీ మామ